కళ్ళు మూసుకుని చెప్పిన రోగం

అమీర్‌పేటలో ఎక్కి, నడిచిపోగల దూరంలోని పంజగుట్టలో దిగడానికి టికెట్టు కొనేవాడికి ఆ రోజుల్లో కాళ్ళైనా బాగుండకపోవాలి, చేతిలో బరువైనా ఉండాలి. పంజగుట్ట చౌరస్తాలో ఫ్లైఓవర్ స్తంభాలు లేస్తున్నాయి. బస్సు పదడుగులు కదిలి, ఏదో మరిచిపోయినట్టు ఆగి, మళ్ళీ కదిలేది. ఏసోబు కాళ్ళు బాగానే ఉన్నాయి. చేతిలో బరువే ఉంది, పంజగుట్టలో ఇవ్వాల్సిన ఇరవై రెండు జావా పుస్తకాలు. కోచింగ్ సెంటర్లో సారు బోర్డు మీద రాసినదాన్ని చేతిరాత బాగున్న పిల్ల ఎవరో ఎత్తి రాసుకుంటే, ఆ నోటుబుక్కును ఏసోబు జిరాక్స్ తీసి, అంచున తీగ గుచ్చి పుస్తకం చేసేవాడు. అవి చదివి ఎంతమంది ఏయే దేశాల్లో కొలువులు చేస్తున్నారో ఎవరికీ తెలియదు. ఏసోబుకు మాత్రం వాటిలో ఒక్క ముక్క తలకెక్కేది కాదు. "అక్షరం నాది, అర్థం దేవునిది" అని నవ్వేవాడు.

ఆడవాళ్ళ సీట్ల వైపు నుంచి జనాన్ని తోసుకుంటూ వచ్చిన పొడుగాటి సంచి ఒకటి అతని మోకాలికి తగిలింది. సగం తెరిచిన జిప్పులోంచి ఆట బూట్ల మడమలు, ఒక వాలీబాల్ కనిపిస్తున్నాయి. సంచి వెనక చెయ్యి, చెయ్యి వెనక మనిషి. ఏసోబు ఆ మొహం చూశాడు. చూసిన మరుక్షణం కిటికీ వైపు తిరిగి, బయట ఉన్న నగల దుకాణం బోర్డును మొదటి అక్షరం నుంచి చదవడం మొదలుపెట్టాడు.

"వందనాలు అంకుల్! నేను, షెర్లిన్ను."

"అయ్యో, వందనాలు బిడ్డా, వందనాలు. చూడనే లేదు" అన్నాడు ఏసోబు. యాభై ఆరేళ్ళ వయసులో అంత తేలిగ్గా అబద్ధం వచ్చినందుకు అతనికి చెవులు వేడెక్కాయి.

"ఓ బ్యాగమ్మా, ముందలికి జరుగు! బస్సుల ఆడుతవా ఏంది వాలీబాల్?" అని అరిచాడు కండక్టర్.

"ఆడిస్తె ఆడుతనే అన్నా. ఆడనిస్తలేరు, గదే బాధ" అంది షెర్లిన్.

ఈ షెర్లిన్ సత్తెమ్మ కూతురు. సత్తెమ్మ పంజగుట్టలో ఒక నర్సింగ్‌హోములో ఆయా. తండ్రి లేని పిల్ల. ఇరవై ఒకటో ఏడు. నెట్టు దగ్గర ఆ పిల్ల ఎగిరిందంటే భూమి దాన్ని కాసేపు మరిచిపోయేదని గల్లీలో అనుకునేవాళ్ళు. జిల్లా పేపర్లో పడ్డ ఆమె ఫోటోను ఏసోబే పెద్దది చేసి ప్రింటు తీసి, తన దుకాణం అద్దానికి లోపలి వైపు అంటించాడు. "మా చర్చి పిల్ల" అని, అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేవాడు. ఆ ఫోటో ఇప్పుడు అద్దం మీద లేదు. మూడు నెలల క్రితం ఒక పొద్దున, దుకాణంలో ఎవరూ లేనప్పుడు, గోరుతో అంచులు గీకి తీసేశాడు. ఎందుకు తీశాడో చెప్పాలంటే ముందు ఏసోబు ప్రార్థన సంగతి చెప్పాలి.

ఏసోబుది జోగిపేట వైపు పల్లె. ఎనభై మూడులో పట్నం వచ్చి, ఎర్రమంజిల్ ఆఫీసుల గోడ పక్కన టైపు మిషను పెట్టుకుని కూర్చున్నాడు. పింఛను రానివాడు, నీళ్ళు రానివాడు, బదిలీ కావలసినవాడు వచ్చి వాళ్ళ ఏడుపు వాళ్ళు ఏడిస్తే, దాన్ని ఇతను "తమరి దయకు పాత్రుణ్ణి" అనే మర్యాదలోకి మార్చేవాడు. ఇరవయ్యేళ్ళు ఊరి కష్టమంతా అతని వేళ్ళ మీదుగా పోయింది. తన తరఫున మాత్రం ఒక్క అర్జీ రాసుకోలేదు. టైపు మిషన్లకు కాలం చెల్లి, అమీర్‌పేటలో గోడ గోడకూ కంప్యూటర్ కోర్సుల బోర్డులు మొలిచాక జిరాక్స్ మిషను కొన్నాడు. మెత్తని మనిషి. భార్య జీవమణి "మా ఆయన మిషను చేసినంత చప్పుడు గూడ చెయ్యడు" అనేది.

కానీ కళ్ళు మూసుకుంటే ఏసోబు వేరే మనిషి. శుక్రవారం సాయంత్రం ఎవరో ఒకరి ఇంట్లో జరిగే ప్రార్థన కూటమిలో అతను మోకాళ్ళూనితే, ఇరవయ్యేళ్ళ అర్జీల భాషంతా గొంతులోకి దిగేది. బిచ్చగాడి వినయం, వకీలు వాదన, కన్నతల్లి ఏడుపు, మూడూ కలిసిన గొంతు. ఎవరి కొడుక్కి పరీక్ష, ఎవరి భర్తకు తాగుడు, ఎవరి గర్భసంచిలో గడ్డ, అన్నీ పేరుపేరునా దేవుడికి చెప్పేవాడు. విన్నవాళ్ళు "ఆమేన్" అనేవాళ్ళు. హిందువుల ఇళ్ళ ఆడవాళ్ళు కూడా కాలు నొప్పికీ తలనొప్పికీ వచ్చి గడప దగ్గర కూర్చునేవాళ్ళు.

ప్రార్థన పెద్ద విద్యే. అయితే దానికో చిక్కుంది. ఒకరి గురించి కళ్ళు తెరిచి చెబితే అది చాడీ, వినేవాళ్ళు సగమే నమ్ముతారు. అదే మాట కళ్ళు మూసుకుని దేవుడికి చెబితే పక్కవాళ్ళంతా పూర్తిగా నమ్ముతారు. ఈ సంగతి ఏసోబుకు తెలియదని అనలేం.

కిందటి ఆగస్టులో షెర్లిన్ ఆట మానేసింది. ఇంట్లోంచి బయటికి రావడం తగ్గింది. మనకు జ్వరమొస్తే మాత్ర వేసుకుని పడుకుంటాం. ఆటగాడికి జ్వరమొస్తే ఊరంతా నాడి పడుతుంది. ఏ క్రికెట్ వీరుడికో నడుము పట్టేస్తే అమీర్‌పేట ఇరానీ హోటల్లో చాయ్ చల్లారేదాకా వైద్యసభ జరిగే రోజులవి. ఫలానా నరం, ఫలానా ఎముక, ఇంక ఆడలేడు, వచ్చే సిరీస్‌కి వస్తాడు, అసలది నడుమే కాదు, కెప్టెన్‌తో గొడవ! షెర్లిన్‌కు అంత పెద్ద సభ లేదు కానీ గల్లీ సభ ఉంది. మోకాలి గుజ్జు అరిగిందని ఒకరు. కడుపని ఒకరు, గొంతు తగ్గించి. రక్తం కేన్సరని ఒకరు. సత్తెమ్మను అడిగితే "ఒంట్ల బాగలేదమ్మా, తగ్గుతది" అని మాత్రం చెప్పేది. ఆ జవాబుతో ఎవరి ఆకలీ తీరలేదు.

అక్టోబరులో ఒక మంగళవారం ఏసోబు కూరగాయలకు ఎర్రగడ్డ రైతుబజారుకు వెళ్ళాడు. వంకాయలు కొని రోడ్డు మీదికి రాగానే, ఎదురు బస్టాపులో తల్లీ కూతుళ్ళు కనిపించారు. పిల్ల ముఖానికి చున్నీ చుట్టుకుని తల్లి భుజం మీద తల వాల్చి నిలబడింది. ఇతను పిలవబోయేలోగా బస్సు అడ్డమొచ్చింది, బస్సు పోయేసరికి వాళ్ళు లేరు. చూసింది అంతే. కానీ ఎర్రగడ్డ అనే పేరుకు ఈ పట్నంలో ఉన్న అర్థం తెలిసిందే కదా. అక్కడ ఛాతీ ఆసుపత్రి ఉంది, బజారుంది, బట్టల కొట్లున్నాయి, వేలమంది కాపురాలున్నాయి. అయినా "ఫలానావాడు ఎర్రగడ్డలో కనిపించాడు" అంటే ఎవరూ కూరగాయలు గుర్తుచేసుకోరు, పిచ్చాసుపత్రే గుర్తుచేసుకుంటారు. చేతిలో వంకాయల సంచితో నిలబడిన ఏసోబు కూడా అదే గుర్తుచేసుకున్నాడు.

ఆ శుక్రవారం సత్తెమ్మకు డ్యూటీ పడి కూటమికి రాలేదు. ఏసోబు కళ్ళు మూసుకున్నాడు. "చెదిరిన మనసుల్ని కూర్చే తండ్రీ, ఎర్రగడ్డ మెట్లెక్కిన మా బిడ్డ షెర్లిన్‌ను ముట్టు. ఆ బిడ్డ తలంపులను కమ్ముకున్న చీకటిని తొలగించు" అన్నాడు. గదిలో ఊపిరి చప్పుడు కూడా ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం ఏసోబుకు తియ్యగా అనిపించింది. ఇంకో రెండు వాక్యాలు కలిపాడు. గొంతు వణికించాడు. కన్నీళ్ళొచ్చాయి, అవి నిజం కన్నీళ్ళే. పన్నెండు గొంతులు "ఆమేన్" అన్నాయి. కళ్ళు తెరిచేసరికి అందరి ముఖాల్లో తృప్తి కనిపించింది. రెండు నెలల సందేహం తీరిన తృప్తి.

వారం తిరక్కుండా దుకాణానికొచ్చినవాళ్ళు అద్దం మీద ఫోటో చూసి "పాపం, ఈ పిల్లేనా?" అని అడగడం మొదలుపెట్టారు. మూడోసారి అడిగాక ఏసోబు ఫోటో తీసేశాడు.

బస్సు ఇంకా కదల్లేదు. "మీరు కనబడుడు మంచిగైంది అంకుల్, మీతోని పనుంది" అంది షెర్లిన్. "నాకు తగ్గిపోయింది. నెల రోజుల సంది ప్రాక్టీస్ సుత చేస్తున్న. శనివారం బ్యాంకోళ్ళ లేడీస్ టీముకు సెలెక్షన్ ఉంది. తీసుకుంటే నౌకరి. పేర్ల లిస్టు మా హనుమాండ్లు సార్ పంపాలె. రేపు పొద్దుగాల పంపుతడు. డాక్టర్ ఫిట్‌నెస్ రాసిచ్చిండు, తీసుకపోయి చూపిస్తె ఏమన్నడో ఎరుకేనా? ఇది ఒంటికి, మరి తలకాయకు ఏదీ అన్నడు."

ఏసోబు పుస్తకాల కట్టను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"పిచ్చి డాక్టర్ దగ్గర కాగితం తెమ్మన్నడు అంకుల్. లేకుంటే నా పేరు రాయడంట. నాకు పిచ్చని ఎవరో చెప్పిన్రంట ఆయనకు."

"ఎవరు చెప్పిన్రట?" అని అడిగాడు ఏసోబు. ఆ ప్రశ్న నోట్లోంచి ఎలా వచ్చిందో అతనికే అర్థం కాలేదు.

"చర్చోళ్ళే ఎవరో. మా అమ్మ మూడు దినాల సంది ఏడుస్తనే ఉంది. మీరు పెద్దమనిషి, మీ మాటంటే అందరికి నమ్మకం. జర నాతోని గ్రౌండుకు వచ్చి ఒక్క మాట చెప్పుండ్రి. మీకు పుణ్యముంటది."

ఒక కబురు పుట్టి ఊరంతా తిరిగి, అది ఎవరి గురించో వాళ్ళ గుమ్మం దగ్గరికొచ్చేసరికి పుట్టించినవాడి పేరు రాలిపోతుంది. లోకంలో ఎంతోమంది పరువు ఆ రాలిపోవడం వల్లే నిలబడి ఉంది. ఏసోబు పరువు కూడా.

పంజగుట్టలో దిగి ఎర్రమంజిల్ క్వార్టర్ల వైపు నడిచారు. పావుగంట నడక. నేనే బిడ్డా అనడానికి పావుగంట చాలా ఎక్కువ. మొదటిసారి నోరు తెరిచేసరికి లారీ హారన్ కొట్టింది. రెండోసారి, జనం ఎదురొస్తున్నారు, కాస్త దాటాక చెబుదామనుకున్నాడు. జనం దాటాక అతని నోట్లోంచి వచ్చింది వేరే మాట.

"ఇంతకు ఏమైందమ్మా నీకు?"

"తగ్గింది అంకుల్."

"అట్ల గాదు. సార్‌కు చెప్పాలంటె నాకు తెలిసి ఉండాలె గద."

"తగ్గిందని చెప్పుండ్రి. గంతే చాలు" అంది షెర్లిన్, సంచి భుజం మార్చుకుంటూ.

క్వార్టర్ల వెనక ఎర్రమట్టి గ్రౌండు. నలుగురైదుగురు ఆడపిల్లలు నెట్టు బిగిస్తున్నారు. హనుమాండ్లు పగలు ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా, సాయంత్రం కోచ్. పొట్ట ముందు, ఈల తర్వాత, ఆయన ఆ తర్వాత వచ్చేవాడు.

"మా చర్చి పెద్ద సార్, ఏసోబు అంకుల్" అంది షెర్లిన్.

"రాండ్రి పెద్దాయన, కూసోండ్రి. మీరే చెప్పుండ్రి న్యాయం" అని సిమెంటు బల్ల చూపించాడు హనుమాండ్లు. "నాకు ఈ పోరి మీద పగనా? నేను నేర్పిన పిల్ల. రేపు బ్యాంకోళ్ళ ముందల ఏమన్న అయితే, ఎరుకుండి పంపినవా అని నన్ను పట్టుకుంటరు. మా ఇంట్లామె కాలు నొప్పికని మీ శుక్రవారం కూటానికి వస్తది. ఆడ ఎవరో పెద్దమనిషి కండ్లల్ల నీళ్ళు పెట్టుకొని, ఈ పిల్ల పేరు తీసి, ఎర్రగడ్డ అని, మనసు అని దేవునికి మొక్కిండట. మనిషి మనిషితోని అబద్ధమాడుతడు, ఒప్పుకుంట. దేవునితోని ఆడుతడా?"

ఇంకా ఒక దారి ఉంది. ఆ పెద్దమనిషెవరో హనుమాండ్లుకు తెలియదు. చర్చి పెద్దగా ఒక్క మాట గట్టిగా అంటే చాలు, పిల్ల పని అవుతుంది, ఇతని పేరు బయటికి రాదు. ఎవరికీ నష్టం లేదు. ఇరవయ్యేళ్ళు ఇలాంటి వాక్యాలే టైపు చేసిన మనిషి. వాక్యం తయారుగా నాలుక మీదికి వచ్చింది.

"ఎవరో తెల్వక అన్నరు సార్..."

షెర్లిన్ "అవును" అన్నట్టు తల ఊపింది. ఎంత నమ్మకంగా ఊపిందంటే, ఏసోబు ఆ వాక్యాన్ని సగంలోనే వదిలేశాడు.

"ఎవరో గాదు" అన్నాడు. "నేనే."

హనుమాండ్లు ఒక్క క్షణం చూశాడు. తర్వాత, ఎవరూ అనుకోని విధంగా, రెండు చేతులూ జోడించి పెద్దగా నవ్వాడు. "అరె, మీరేనా! శెనార్తి సార్! ముందుగాలనే చెప్పొద్దా? మా ఇంట్లామె నిన్ననే అంటుండె, గాయన మొక్కుతె మనసు తప్పిన పిల్ల మళ్ళ గ్రౌండుకొచ్చింది, నా కాలెంత అని. మీ ప్రార్థన పనిచేసింది ఇగ! గట్ల బాగైందని చెప్పుండ్రి, నేను రాసుకుంట."

ఏసోబు దీనికి సిద్ధపడలేదు. తిడతారనుకున్నాడు. చేసిన తప్పుకు దండం పెడతారని అనుకోలేదు. ఒక్క "ఔను" అంటే షెర్లిన్ పేరు లిస్టులోకెక్కుతుంది, ఇతను స్వస్థపరిచేవాడవుతాడు, పిల్లకు మాత్రం పిచ్చి ఖాయమవుతుంది. తగ్గిన పిచ్చి.

"నేను బాగుచెయ్యలె సార్. బాగయ్యేటందుకు ఆ రోగమే లేకుండె. నేను చూసింది ఎర్రగడ్డ బస్టాపుల తల్లీబిడ్డ నిలబడుడు. గంతే. నేను సుత ఆ దినం ఆడనే ఉన్న, వంకాయలకు పోయిన. నన్ను చూసినోళ్ళెవరు నాకు పిచ్చనలె."

"మరి ఏం రోగం?"

"నాకు తెల్వదు. తెల్వకుంటనే చెప్పిన."

హనుమాండ్లు నవ్వు ఆగిపోయింది. "దేవునికా?"

"దేవుని పేరు పెట్టి పక్కలున్నోళ్ళకు చెప్పిన" అన్నాడు ఏసోబు. నెట్టు దగ్గరి పిల్లలు బిగించడం మానేసి ఇటే చూస్తున్నారు. అతను తల ఎత్తలేదు. ఎర్రమట్టిలో ఒక చీమల బారు పోతుంటే దాన్నే చూశాడు.

"అంకుల్, మీరా?" అంది షెర్లిన్. కోపం కాదది. లెక్క తేలనప్పుడు పిల్లలు మళ్ళీ మొదటినుంచి చూసుకుంటారే, ఆ గొంతు. మళ్ళీ అంది. "తొవ్వ పొడుగుత రెండుసార్లు అడిగిన్రు, నాకేమైందని. చెప్పనీకె వస్తున్నరనుకున్న. మీకు ఇప్పుడు సుత తెలుసుకోవాలనే ఉండె."

ఆ ప్రార్థన చేసినప్పటి నుంచి మూడున్నర నెలలుగా మోసిన సిగ్గు ఒక ఎత్తు, ఈ ఒక్క మాట ఒక ఎత్తు. ఎందుకంటే అది నిజం. నడుస్తున్నంతసేపూ ఒప్పుకోవాలనే ఆరాటం ఎంత ఉందో, ఆ రోగం పేరేమిటో వినాలన్న ఆరాటం కూడా అంతే ఉంది.

"మాట గాలికి పోతది పెద్దాయన" అన్నాడు హనుమాండ్లు చివరికి. "రేపు ఎవరన్న అడిగితె నా చేతుల కాగితముండాలె. రాసియ్యండ్రి."

ఏసోబు జేబులోంచి పెన్ను తీశాడు. కాగితానికి ఒక జావా పుస్తకం చివర వట్టి పేజీ చింపాడు. వేలమంది తరఫున రాసినవాడికి తన తరఫున ఎలా మొదలుపెట్టాలో తోచలేదు. "గౌరవనీయులైన" అని రాసి కొట్టేశాడు. తర్వాత ఇలా రాశాడు: "షెర్లిన్‌కు మనసు బాగలేదని నేను ప్రార్థనలో చెప్పినది నాకు ఎవరూ చెప్పలేదు. నేను ఊహించి చెప్పాను. ఆమెకు ఏ జబ్బు చేసిందో నాకు తెలియదు. తెలుసుకునే హక్కు కూడా లేదు." కింద పూర్తి పేరు, దుకాణం అడ్రసు రాసి సంతకం పెట్టాడు.

హనుమాండ్లు పెదవులు కదుపుతూ చదివాడు. "ఇది నాకైతె సరిపోయె. మరి మా ఇంట్లామెకు?"

"రేపు శుక్రవారమే. సత్తెమ్మను గూడ రమ్మని, అందరి ముందల చెప్త. కండ్లు తెరిచే చెప్త."

"కండ్లు తెరిచి చెప్తె నమ్ముతరా?" అన్నాడు హనుమాండ్లు. వెక్కిరింతా, సందేహమా తెలియలేదు. కాగితాన్ని డాక్టర్ సర్టిఫికెట్‌తో కలిపి మడిచి ఫైల్లో పెట్టి, లిస్టు తీసి, ఆఖరి గీత మీద షెర్లిన్ పేరు రాశాడు. "పో పోరి, బూట్లు తొడుక్కో. ఏం చూస్తున్నవ్? శనివారం ఆరింటికి ఆడుండాలె."

షెర్లిన్ బల్లకు అటు చివర కూర్చుని బూట్లు వేసుకుంది. ఏసోబు వైపు చూడలేదు. లేచి కోర్టులోకి పరిగెత్తింది. ఒకమ్మాయి బంతి పైకి లేపింది. షెర్లిన్ మూడడుగులు వేసి ఎగిరి కొట్టింది. బంతి అవతలి గీతకు జానెడు లోపల పడింది. రెండోది, మూడోది. ఏసోబు బల్ల దగ్గరే నిలబడి చూస్తున్నాడు. నాలుగో బంతి తర్వాత ఆమె ఆగి, నడుము మీద చేతులు పెట్టుకుని, కొంచెం వంగి ఊపిరి తీసుకుంది.

ఊపిరా, అనుకున్నాడు ఏసోబు. అయితే ఛాతీ జబ్బేనేమో. ఆ చున్నీ ముఖానికి అందుకేనేమో. కాదు, ఎడమ చెయ్యి పక్కటెముకల మీద పెట్టింది, ఆపరేషన్ ఏదైనా...

తనేం చేస్తున్నాడో అప్పుడు తెలిసింది. కాగితం మీద సిరా ఇంకా ఆరలేదు.

అతను కోర్టు వైపు వీపు తిప్పాడు. పుస్తకాల కట్ట ఎత్తుకున్నాడు. వెనక బంతి దెబ్బ మళ్ళీ వినిపించింది, హనుమాండ్లు ఈల వేసి ఏదో అరిచాడు. ఎవరితోనూ వెళ్ళొస్తానని చెప్పకుండా, తిరిగి చూడకుండా, ఏసోబు క్వార్టర్ల సందులోకి నడిచిపోయాడు.